కట్టెల మీద నిలిచిన పట్నం

బుగ్గయ్య బిడ్డ కాశమ్మకు కోపం వస్తే ఇబ్రహీంపట్నం చెరువులో కప్పలు కూడా గొంతు తగ్గిస్తాయని బెస్తవాడలో ఒక మాట ఉండేది. అది పూర్తిగా అబద్ధం కాదు. మాఘమాసంలో ఒక పొద్దున, తాను అప్పుడే కట్టి వచ్చిన వల మీదుగా ఎవడో తెప్ప నడుపుకుంటూ పోతుంటే, కట్ట మీద నిలబడి ఆమె పెట్టిన కేకకు ఒడ్డున ఉన్న కొంగలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

"ఎవలది? కండ్లు నెత్తికెక్కినయా? వల కనవడ్తలేదా?"

తెప్ప మీదివాడు ఖాకీ లాగు తొడుక్కుని ఉన్నాడు. అది పెద్ద వింత కాదు. తెప్ప నడిపేవాడు ఎవడైనా కూర్చునే నడుపుతాడు. వీడు మాత్రం తెప్ప వెనక కొసన గుంజలా నిలబడి, ఒకే వెదురుగడను ఒకే పక్కన ఆడిస్తూ, పెళ్లికొడుకులా ముందుకు చూస్తూ పోతున్నాడు. కేక విని ఇటు తిరిగాడు. తిరిగి, పటాలంలో నేర్చిన అలవాటు కాబోలు, చెయ్యి ఎత్తి సలాము కొట్టాడు. ఆ సలాముతోనే తెప్ప ఒరిగింది, మనిషి నీళ్లలో పడ్డాడు, పడేటప్పుడు వలను కూడా వెంట తీసుకుపోయాడు.

కాశమ్మ నవ్వొద్దనుకుంది. కానీ నెత్తిన నాచు, మెడలో వల వేసుకుని అతడు ఒడ్డుకు వస్తుంటే పెదవి కొరుక్కున్నా నవ్వు ఆగలేదు.

"నువ్వు బుగ్గయ్య మామ బిడ్డవు గదా," అన్నాడు అతడు చెవిలో నీళ్లు దులుపుకుంటూ. "నేను వొయ్యేటప్పుడు గింత పిల్లవుంటివి."

అప్పుడు గుర్తుపట్టింది. నర్సమ్మ కొడుకు కిష్టా. నాలుగేళ్ల కిందట ఇంగ్లీషోళ్ల పటాలంలో చేరి, లారీ డ్రైవర్‌గా సముద్రాలు దాటి లడాయికి పోయినవాడు. చచ్చాడని రెండుసార్లు, బతికాడని మూడుసార్లు ఊళ్లో చెప్పుకున్నారు. మొన్ననే ఇల్లు చేరాడు.

తెప్ప మీద నిలబడుడేందని అడిగింది కాశమ్మ. తాను చూసిన ఒక పట్నంలో అట్లానే నడుపుతారని చెప్పాడు కిష్టా. ఆ పట్నం పేరు వెనిస్ అట. అక్కడ వీధులన్నీ నీళ్లేనట. గడప దిగితే పడవేనట.

"గడప దిగితే పడవనా?" అంది కాశమ్మ. "మరి మీ వెనిసోళ్లు ఇల్లు ఊడ్చి చెత్త యాడ పోస్తరు?"

కిష్టా నీళ్లు నమిలాడు. ఆ సంగతి తాను చూడలేదు. ఆ ఒక్క నీళ్లు నమలడంతో, వీడు కోతలరాయుడని కాశమ్మ తీర్మానించేసింది.

ఆ తర్వాత ఆ కోతలు వినడానికి రోజూ సాయంత్రం ఎందుకు వెళ్లేదో మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

బుగ్గయ్య ఇంటి అరుగు మీద సాయంత్రం పూట వలలు బాగుచేసుకోవడం బెస్తవాడ అలవాటు. చేతులు వలలో ఉంటే చెవులు ఖాళీ. ఆ ఖాళీ చెవుల్లో కిష్టా వెనిస్‌ను నింపడం మొదలుపెట్టాడు. లడాయి ముగిశాక పటాలంవాళ్లకు లీవు ఇస్తే అక్కడ ఆరు దినాలు ఉన్నాడట. ఒక ముసలి పడవాయన దొరికాడట. వయసులో ఉన్నప్పుడు బొంబాయి ఓడల మీద పనిచేసి, వచ్చీరాని హిందుస్తానీ నేర్చినవాడు. ఆయన పడవలోనే ఆరు దినాలూ తిరిగాడట. పెళ్లివారూ పడవలోనే, పాడె కూడా పడవలోనే, కూరగాయల బేరం కూడా పడవలోనే. పొద్దున మంచులో గంట మోగితే, ఆ మోత నీళ్ల మీద నుంచి మన కాళ్ల కిందికి వచ్చినట్టు ఉంటుందట.

కాశమ్మ అతనికి వీపు పెట్టి కూర్చునేది. వినడం లేదన్నట్టు. కానీ ఆ రోజుల్లో ఆమె బాగుచేసిన వలల్లో ఒకే కన్నుకు నాలుగేసి ముడులు పడ్డాయి.

అన్నిటికన్నా ఎక్కువగా అందరూ మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నది ఆ పట్నం పుట్టుక. వెయ్యేళ్లు దాటిన మాట. గుర్రాల దండులు వచ్చి ఊళ్లను తగలబెడుతుంటే, జనం ప్రాణాలు అరచేత పట్టుకుని గుర్రం కాలు దిగబడే బురదలోకి పారిపోయారట. ఆ బురదలో అంతకుముందే ఉన్నది ఎవరయ్యా అంటే చేపలు పట్టేవాళ్లు, ఉప్పు తీసేవాళ్లు. రాజులూ దొరలూ కాదు.

"అంటే బెస్తోళ్లు కట్టిన పట్నమా?" అన్నాడు బుగ్గయ్య, చేతిలో వల ఆపి.

"అవ్ మామా. మనసొంటోళ్లే."

చెరువు పంటకు నీళ్లిచ్చేదే కానీ చెరువు మీద బతికేవాడికి ఊళ్లో పీట ఉండేది కాదు. అటువంటివాళ్లు బంగారు గోపురాల పట్నం కట్టారంటే నమ్మాలని అందరికీ ఉంది. నమ్మడానికే భయం.

ఆ పట్నపు పెద్దలు తమ రాజును తామే ఎన్నుకునేవారని కిష్టా చెప్పినప్పుడు మల్లేశయ్య అనే ముసలాయన అటూ ఇటూ చూసి, ఆ మాట మెల్లగ అనుమన్నాడు. నిజాం రాజ్యంలో గోడలకు చెవులుండే కాలం అది. ఆ రాజు ఏడాదికొక దినం బంగారు పూత పడవలో సముద్రం మీదికి పోయి, ఒక ఉంగరం నీళ్లలో వేసి సముద్రాన్ని పెళ్లాడేవాడట. నూటయాభై ఏండ్ల కిందట పరాయి దండు వచ్చి, రాజును దింపి, ఆ పడవ మీది బంగారమంతా ఊడదీసి తగలబెట్టిందట.

ఇంకొక కథ కాశమ్మ గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. గాలివానలో ఒక ముసలి బెస్తవాణ్ణి ముగ్గురు మహాత్ములు వచ్చి తమను పడవలో సముద్రం మీదికి తీసుకుపొమ్మన్నారట. పట్నాన్ని ముంచడానికి వస్తున్న దయ్యాల ఓడను ఆ ముగ్గురూ నడిసముద్రంలో ఆపి ముంచేశారట. పోయి మీ రాజుకు చెప్పు అన్నారట. పేద బెస్తోణ్ణి, నా మాట ఎవరు నమ్ముతారన్నాడట పడవవాడు. అందుకని ఒకాయన తన వేలి ఉంగరం తీసి సాక్ష్యంగా ఇచ్చాడట.

కాశమ్మ మొదటిసారి అతనివైపు తిరిగింది. "మరి నీకేం ఉంగరమిచ్చిండ్రు?" అని అడిగింది.

అందరూ నవ్వారు. కిష్టా కూడా నవ్వాడు కానీ, ఖాళీ వేళ్లు చూసుకున్నాడు. ఆ చూపు చూసి, ఎందుకన్నానా అని కాశమ్మ రాత్రంతా నొచ్చుకుంది. ఎంత నొచ్చుకుందంటే, మరునాడు అతనికి ఎదురుపడి, నీళ్లలో పడ్డ రోజు చింపిన వల కన్నులు ఇంకా బాగుచేయలేదేమని తగాదా పెట్టుకుంది. తగాదా అయ్యేసరికి ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. నర్సమ్మ అది చూసింది. తల్లులకు అటువంటివి తొందరగా కనిపిస్తాయి.

ఫాల్గుణంలో నర్సమ్మ పసుపు, తమలపాకులు పట్టుకుని పిల్లనడగడానికి బుగ్గయ్య ఇంటికి పోయింది. అప్పటికే జల్‌పల్లి నుంచి కాశమ్మకు ఒక సంబంధం వచ్చి ఉంది. వైశాఖ పున్నమికి వాళ్లు పూలు పండ్లు తెచ్చి ఖాయం చేసుకుంటామన్నారు.

బుగ్గయ్య చెడ్డవాడు కాడు. కుల పెద్ద. చెరువు మీద ఆయనకొక కట్టుబాటు ఉండేది. నీళ్లెక్కడ లోతో, రాయెక్కడ ఉందో ఒకరు చెబితే ఇంకొకరు నమ్మి తెప్ప వేస్తారు. ఆ మాట తప్పయితే మనిషే పోతాడు. అందుకని అబద్ధమాడేవానికి పట్టిన చేపల్లో పాలు, అంటే వాటా, లేదు. తాతల నాటి నుంచి అదే చట్టం. కిష్టా చెప్పినవాటిలో ఆయన అన్నీ మింగాడు కానీ ఒకటి మింగలేకపోయాడు. ఆ పట్నంలోని రాతి గుళ్లూ రాతి మేడలూ బురదలో దిగ్గొట్టిన కట్టెల మీద నిలిచి ఉన్నాయని కిష్టా చెప్పాడు. లక్షల మొద్దులట. వందల ఏండ్లుగా నీళ్లలో ఉండి కుళ్లకపోగా రాయిలా గట్టిపడ్డాయట.

కులస్థులందరినీ పిలిచి బుగ్గయ్య వాళ్ల ముందు ఒక వలగుంజ పడేశాడు. రెండేళ్లు నీళ్లలో నిలిచిన తుమ్మగుంజ. చేత్తో నలిపితే పొట్టులా రాలుతోంది.

"రెండేండ్లకోసారి గుంజలు మార్చేటోళ్లం మనం. నీళ్లల్ల కట్టె ఏమైతదో మనకు ఎరుకలేదా?" అన్నాడు. "కిష్టా, నువ్వు మంచోడివే. నవ్వుతాలకు కోతలు కోసిన అని నలుగుర్ల ఒక్కమాట అను. నీ పాలు నీకుంటది. పిల్లనిస్త. అననంటవా, రెండూ లేవు."

ఎంత సులువైన మాట. అరుగు వెనక తలుపు చాటున నిలబడి వింటోంది కాశమ్మ. అనెయ్యి, అనెయ్యి అనుకుంది.

కిష్టా చాలాసేపు ఆ గుంజవైపే చూశాడు. "నేను జూసింది చెప్పిన మామా. లేనిది చెప్పలే," అన్నాడు.

మరునాడు పగటిపూట కట్ట మీద కాశమ్మ అతణ్ణి ఆపింది. ఈసారి ఆ గొంతులో తగాదా సరదా లేదు.

"ఒక్క అబద్ధం ఆడరాదు? నాకోసమన్న ఆడరాదు?"

"నిజాన్ని అబద్ధమని నిన్ను తెచ్చుకుంట. రేపు నేనేం జెప్పినా నువ్వు నమ్ముతవా?"

"ఇప్పుడు మాత్రం నమ్ముతున్ననా?"

"నమ్మకపాయె. వింటున్నవ్ గదా." అతడు నవ్వడానికి చూశాడు, రాలేదు. "కాశమ్మా, మూడేండ్లు నేను జూసింది కాలిన ఊళ్లే. లారీ నిండ దెబ్బలు తగిలినోళ్లను మోసిన. గా ఆరు దినాలే, మనుషులు ఇంత మంచిది గూడ కడతరా అనిపించింది. గదొక్కటే తెచ్చుకున్న. గది గూడ కోతే అంటే నాకాడ ఇంకేం మిగుల్తది?"

ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. ఇంటికి పోయి పొయ్యి ముందు కూర్చుని, పొగ పెట్టుకుని, ఆ పొగ సాకుతో ఏడ్చింది. పొగరుబోతు అనుకుంది. అటువంటి పొగరుబోతును విడిచి ఎట్లా ఉండడం అని కూడా అనుకుంది.

అంతకుముందు ఏడాది వానలు సరిగా లేవు. వైశాఖం వచ్చేసరికి అంత పెద్ద చెరువు నడుమ పళ్లెమంత నీళ్లతో మిగిలి, చుట్టూ బురద నెర్రెలు విచ్చింది. చెరువు ఎండితే బెస్తవాడకు ఇంకొక రకం వేట. కొర్రమట్ట చేపలు తడి వెతుక్కుంటూ బురద లోపలికి పోయి పడుకుంటాయి. ఊపిరి బొక్క ఎక్కడుందో చూసి పారతో తవ్వి తీయాలి. ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ బురదలో దిగారు. పున్నమికి ఇంకా మూడు దినాలే ఉన్నాయి. పాలు లేని కిష్టా కట్ట మీద కూర్చుని చూస్తున్నాడు.

కాశమ్మ ఎవరి మీదో తెలియని కసితో తవ్వుతోంది. చేప కోసం తవ్వాల్సినదానికి రెండింతలు తవ్వింది. నడుములోతు గుంతలో పార ఠంగుమంది.

రాయేమో అనుకుంది. బురద తీసి చూస్తే రాయి కాదు, గుండ్రంగా, నల్లగా, చేతికి చల్లగా ఉంది. ఇద్దరు మనుషులు పట్టి లాగితే వచ్చింది. మూరెడు పొడుగు గుంజ అడుగు. కొడవలి మొనతో గీకితే గీత పడలేదు. ఒక పక్కన మూడు గాట్లు, వాటికి అడ్డంగా ఇంకొకటి. నిన్న చెక్కినంత పదునుగా ఉన్నాయి.

కాశమ్మ వాటి మీది బురదను బొటనవేలితో తుడిచింది. ఆ గాట్లు ఆమెకు తెలుసు. ఇంట్లో పాత తెడ్డు మీద ఉన్నాయవి. తాను పుట్టకముందు, మహమ్మారి జ్వరాలు వచ్చిన ఏడాది చనిపోయిన తాత ఎంకయ్య గురుతు.

"బాపూ," అని పిలిచింది. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, కాశమ్మ గొంతేనా అని అందరూ తిరిగి చూశారు.

బుగ్గయ్య వచ్చాడు. చేతి బురద పంచెకు తుడుచుకుని, ఆ గాట్ల మీద వేలు పెట్టి నడిపించాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తండ్రి చేత్తో చెక్కిన గాట్లు. తండ్రి చెయ్యి మట్టిలో కలిసి ముప్పై ఏండ్లు కావస్తోంది.

గుంజ మెత్తబడగానే విరిచి, పైముక్క పారేసి, పక్కన కొత్తది పాతడమే వాళ్లకు తెలుసు. ఎన్ని తరాలుగా గుంజలు మార్చారో, ఒక్కడంటే ఒక్కడు అడుగుముక్క ఏమైందో చూడలేదు. గాలీ నీళ్లూ కలిసే చోటే కట్టె కుళ్లుతుందని, అడుగు బురదలో గాలి తగలని కట్టెకు చావు లేదని ఆ ముసలి పడవాయన చెప్పిన మాట కిష్టా ఎన్నోసార్లు చెప్పాడు. విన్నవాళ్లంతా ఆ కట్టె మీదే తిరుగుతూ నవ్వారు.

బుగ్గయ్య తలెత్తి కట్ట వైపు చూశాడు. గోల్కొండ పాదుషాల నాటి తూము, ఏనుగుల్లాంటి రాళ్లతో, ఎండిన చెరువులో కాళ్లదాకా బయటపడి ఉంది. ఏం తోచిందో ఏమో, పార అందుకుని అటు నడిచాడు. అందరూ వెనకే పోయారు. అడుగు రాయి పక్కన ఆయనే తవ్వాడు. మోకాలి లోతు, నడుము లోతు. ఆ రాయి కింద మట్టి లేదు. నల్లని మొద్దుల తలలు, ఒకదాని పక్కన ఒకటి, కాపలా నిలబడ్డట్టు వరసగా ఉన్నాయి. వాటి మీద రాళ్లు, రాళ్ల మీద తూము. ఆ తూము నమ్ముకుని ఆయకట్టు ఊళ్లన్నీ బతుకుతున్నాయి.

నాలుగు వందల ఏండ్లు కావస్తున్నా, ఆ చీకట్లో, ఎవరూ చూడకుండా, ఎవరి మెప్పూ లేకుండా అవి మోస్తూనే ఉన్నాయి. చూస్తున్న కాశమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎక్కడి వెనిస్, ఎక్కడి ఇబ్రహీంపట్నం. ఏడు సముద్రాల అవతలి బురదలో దిగిన చేతులూ, ఈ బురదలో దిగిన చేతులూ ఒకటే సంగతి ఎరిగి ఉన్నాయి. మధ్యలో మనమే మరిచిపోయాం. మల్లేశయ్య రెండు చేతులూ జోడించాడు. తూముకో, మొద్దులకో, కట్టినవాళ్లకో ఆయనకే తెలియదు.

బుగ్గయ్య గుంతలోంచి పైకి వచ్చాడు.

"కప్పుండ్రి," అన్నాడు. "గాలి తగలనియ్యకుండ్రి."

ఆ మాట ఎవరిదో అందరికీ తెలుసు. కట్ట మీద లేచి నిలబడ్డ కిష్టాకు కూడా వినిపించింది.

మట్టి కప్పడం అయ్యాక బుగ్గయ్య కట్ట వైపు చెయ్యి ఊపాడు. "గీడికి రా రా కిష్టా. గా ముసలాయన ఇంకేమేం జెప్పిండు? ముందుగాల్ల నీ పాలు చేపలు తీస్కో, తర్వాత చెప్పు."

జల్‌పల్లివాళ్లకు బుగ్గయ్య తానే వెళ్లి చెప్పివచ్చాడు. పిల్ల మనసు వేరే ఉందన్నాడట. పిల్ల మనసు సంగతి నీకెప్పుడు తెలిసిందని వాళ్లు అడిగితే, గుంజ దొరికిన రోజు పిల్ల మొఖం చూసిన అన్నాడట.

ఆ ఏడాది వానలు మనసారా కురిశాయి. శ్రావణంలో చెరువు నిండి అలుగు దుంకింది. అలుగు పారిన రోజు గంగమ్మకు తెప్ప విడవడం బెస్తవాడ ఆచారం. పసుపు, కుంకుమ, ఆకుపచ్చ గాజులు, దీపం పెట్టిన చిన్న తెప్పను నడిచెరువు దాకా తీసుకుపోయి వదులుతారు. తీసుకుపోయేది ఎప్పుడూ కుల పెద్దే. ఆ ఏడాది బుగ్గయ్య తెడ్డు కిష్టా చేతిలో పెట్టాడు. నిలబడే నడుపు అన్నాడు.

కిష్టా నిలబడి నడిపాడు. సన్నటి వానలో కాశమ్మ ముందు కూర్చుని దీపానికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ శ్రావణంలోనే పెళ్లి కనుక ఎవరూ ఏమీ అనలేదు. ఒడ్డు చిన్నదై, డప్పు చప్పుడు సన్నబడింది. చుట్టూ ఆకాశమంత నీళ్లు. ఆ నీళ్ల అడుగున, కాళ్ల కింద ఎక్కడో, తాత గుంజలూ పాదుషా మొద్దులూ నిలబడి ఉన్నాయని తలచుకుంటే ఆమెకు ఒళ్లు గగుర్పొడిచింది. చిన్న తెప్పను నీళ్ల మీద వదిలి దండం పెట్టుకుంది.

"మీ వెనిస్ రాజు ఉంగరమేసి నువ్వు నా దానివి అన్నడు," అంది, తెప్ప పోతున్న వైపు చూస్తూ. "మేం గాజులిచ్చి, అమ్మా మేం నీ పిల్లలం అంటం. అందుకే వాళ్ల పెండ్లి ఆగింది, మా మొక్కు ఎవడొచ్చినా ఆగలే."

వెనిస్ గురించి అంత గొప్ప మాట ముసలి పడవాయన కూడా చెప్పలేదని కిష్టాకు అనిపించింది. లాగు జేబులోంచి ఏదో తీశాడు. నల్లగా, నున్నగా మెరుస్తున్న ఉంగరం. తాత గుంజ ముక్కను నెల దినాలు ఆకురాయితో అరగదీసి చేశాడు. వేళ్లు పుండ్లు పడ్డాయి కానీ ఎవరికీ చెప్పలేదు.

గంగమ్మకిద్దామని చేసినవా అని అడిగింది కాశమ్మ.

"గంగమ్మ సొమ్మే. ఆమెను అడిగి తెచ్చిన." అతడు ముందుకు వంగాడు. "నీకిద్దామని."

కాశమ్మ చెయ్యి చాపింది. ఉంగరం వేలికి సరిగ్గా కూర్చుంది. చెరువంత నిండుగా ఉంది ఆమె లోపల, అయినా ఊరికే ఉంటే కాశమ్మ ఎట్లా అవుతుంది. వేలు తిప్పి తిప్పి చూసుకుంది.

"ఇగ నువ్వు ఏమన్న చెప్పు," అంది. "సాక్ష్యం నాకాడున్నది."

తెడ్డు ఆగింది. ఈసారి కిష్టా సలాము కొట్టలేదు కానీ, అంత సంతోషాన్ని నిలబడి మోయడం చేతకాక తెప్ప మీద కూలబడ్డాడు. తెప్ప ఊగింది. కాశమ్మ నవ్వింది. ఆ నవ్వు నీళ్ల మీదుగా పోయి ఒడ్డున ఉన్న నర్సమ్మకు వినిపించింది.